గోల్ఫ్ స్వింగు: మీ ఆదివారం వ్యాసంపై కొన్ని అభ్యంతరాలు

సంపాదకులు గారికి నమస్కారాలు.

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో గోల్ఫ్ గురించి వచ్చిన వ్యాసాన్ని మా ఊళ్లో ఈ ఆట ఆడే నలుగురమూ కాలువ గట్టు మీద కూర్చుని, ఒకరి చేతిలోంచి ఒకరం లాక్కుని చదివాం. క్రికెట్‌కూ కబడ్డీకీ పోగా మిగిలే కాస్త చోటులో గోల్ఫ్‌కు పూర్తి పేజీ దొరకడం అరుదు కాబట్టి మొదట సంతోషించాం. అయితే కొత్తగా నేర్చుకునేవాళ్లకు అందులో ఇచ్చిన సలహాల్లో మూడు, అంటే తలను మేకు కొట్టినట్టు కదలకుండా ఉంచాలన్నది, బంతిని కింది నుంచి పైకి లేపుతున్నట్టు కొట్టాలన్నది, దూరం పోవాలంటే ఉన్న బలమంతా పెట్టి తిప్పాలన్నది, నేను ఏళ్ల తరబడి నా ఒంటి మీదే ప్రయోగించి నష్టపోయిన సలహాలు కావడంతో ఈ ఉత్తరం రాయక తప్పలేదు. నిడివి ఎక్కువైతే కత్తిరించే హక్కు మీకు ఎలాగూ ఉంది. ఇసుక మీద గీత గురించి రాసిన భాగాన్ని మాత్రం ఉంచమని ముందే కోరుతున్నాను.

నేను నీటిపారుదల శాఖలో పనిచేసి, ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ధవళేశ్వరం దిగువన తూర్పు, మధ్య డెల్టా కాలువల మీదే గడిపి, చివరి ఆరేళ్లు విశాఖపట్నంలో ఉండి పదవీ విరమణ చేసినవాణ్ని. యాభై దాటాక అక్కడే ఒక సహోద్యోగి బలవంతం మీద గోల్ఫ్ మొదలుపెట్టాను. ఇప్పుడు అమలాపురం దగ్గర స్వగ్రామంలో ఉంటున్నాను. నెలకోసారి విశాఖలో అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు మైదానంలో పద్దెనిమిది హోల్సూ (బంతిని చేర్చవలసిన గుంతలూ) ఆడటం, మిగతా రోజుల్లో దాళ్వా కోతలయ్యాక ఎండిన చేలోనో, వానాకాలమైతే పెరట్లో రెండు కొబ్బరి చెట్ల మధ్య కట్టిన పాత చేపల వలలోకో బంతులు కొట్టడం నా సాధన. 28 హ్యాండిక్యాప్‌తో, అంటే మైదానానికి నిర్ణయించిన దెబ్బల కంటే సుమారు 28 ఎక్కువ పట్టే స్థాయిలో మొదలుపెట్టి ఇప్పుడు 17 దగ్గర ఉన్నాను. గొప్ప ఆటగాణ్నని చెప్పుకోవడానికి ఇది చాలదు గానీ, గురువు అందుబాటులో లేని చోట, వారానికి మూడు నాలుగు గంటలకు మించి తీరికలేని మామూలు మనిషి ఆట నిలకడగా ఎలా సాగుతుందో, ఎక్కడ చెడుతుందో చెప్పడానికి సరిపోతుందనుకుంటున్నాను.

మీ వ్యాసంతోపాటు ఒక ప్రసిద్ధ ఆటగాడు క్లబ్‌ను (బంతిని కొట్టే కర్రను) పూర్తిగా వెనక్కి తీసుకెళ్లి నిలిపిన క్షణంలో తీసిన పెద్ద ఫొటో వేసి, పాఠకులు అద్దం ముందు నిలబడి ఆ భంగిమను అనుకరించాలని రాశారు. నా మొదటి అభ్యంతరం దాని మీదే. క్లబ్ ముఖమూ (బంతిని తాకే చదునైన వైపూ) బంతీ ఒకదాన్నొకటి అంటుకుని ఉండేది సెకనులో సుమారు రెండువేలవ వంతు మాత్రమే. ఆ కాస్త వ్యవధిలో క్లబ్ ముఖం ఎటు చూస్తోంది, క్లబ్ ఏ దారిన వస్తోంది, ఎంత వాలుగా దిగుతోంది, ముఖం మీద ఏ చోట బంతి తగిలింది, వేగం ఎంత అన్న అయిదు విషయాలే బంతికి అందుతాయి. మన మోచెయ్యి ఫొటోలో ఎంత అందంగా ఉందో దానికి పట్టదు. అమెరికా ఆటగాడు జిమ్ ఫ్యూరిక్ క్లబ్‌ను నిలువుగా పైకెత్తి, పైన ఒక మెలిక తిప్పి కిందికి దించుతాడు. చూసేవాళ్లకు నవ్వొచ్చే ఆ స్వింగుతోనే, అంటే క్లబ్ తిప్పే తీరుతోనే, ఆయన 2003లో యూఎస్ ఓపెన్ గెలిచాడు, 2016లో అమెరికా వృత్తి ఆటగాళ్ల పోటీల వరసైన పీజీఏ టూర్‌లో ఒక రౌండును, అంటే పద్దెనిమిది హోల్సునూ, 58 దెబ్బల్లో ముగించాడు. ఆ మెలిక ప్రతిసారీ ఒకేలా తిరుగుతుంది, బంతి దగ్గరికి వచ్చేసరికి క్లబ్ ముఖం ప్రతిసారీ ఒకేలా ఉంటుంది. మామూలు ఆటగాళ్లం ఆయన్నుంచి నేర్చుకోవలసింది ఆ ఒకేలా ఉండటాన్నే.

కొత్తవాళ్లలో చాలామందిని వేధించేది స్లైస్, అంటే కుడిచేతి వాటం వాళ్లకు బంతి గాలిలో కుడివైపుకు వంగి చెట్లలోకి పోవడం. బంతి ఎటు బయలుదేరుతుందన్నది చాలావరకు క్లబ్ ముఖం చూసే దిక్కును బట్టి, గాలిలో ఎటు వంగుతుందన్నది ఆ ముఖానికీ క్లబ్ ప్రయాణించే దారికీ మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది. పాత రోజుల్లో దీన్ని తలకిందులుగా నేర్పేవాళ్లు. బంతిని వెంబడించి కొలిచే రాడార్ యంత్రాలు వచ్చాక లెక్క తేలింది. ఈ సంగతి తెలియక బంతి కుడికి పోతోంది కదా అని మనం కాళ్లూ భుజాలూ ఎడమవైపుకు తిప్పి నిలబడతాం. అలా నిలబడితే క్లబ్ దారి ఇంకా ఎడమకు పోతుంది, ముఖం మాత్రం లక్ష్యం వైపే తెరుచుకుని ఉంటుంది, రెండింటి మధ్య తేడా పెరిగి బంతి మునుపటికంటే ఎక్కువగా కుడికి వంగుతుంది. ఏటి ఒడ్డున కోత పడుతున్న గట్టును వదిలేసి ఎదుటి గట్టుకు రాళ్లు పోస్తే ప్రవాహం మరింత జోరుగా వచ్చి కోతగట్టునే ఎలా కొడుతుందో, ఇదీ అంతే. నేను మూడేళ్లు ఎదుటి గట్టుకే రాళ్లు పోశాను.

అసలు మందు పట్టులో ఉంది. కుడిచేతి వాటం వాళ్లకు ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద ఉంటాయి. ఎడమ చేతిలో క్లబ్ అరచేతి మధ్య నుంచి కాక వేళ్ల మొదళ్ల మీదుగా ఏటవాలుగా పోవాలి. పట్టుకున్నాక పై నుంచి చూస్తే ఆ చేతి మెటికలు కనీసం రెండు కనిపించాలి. రెండు చేతుల్లోనూ బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఏర్పడే గీత కుడి భుజం వైపు చూడాలి. నాకు ఒక్క మెటిక కూడా కనిపించేది కాదు, అందుకే ముఖం తెరుచుకుని వచ్చేది. కుడి చిటికెన వేలిని ఎడమ చేతి వేళ్ల మీద పెట్టడమా, అంటే ఆరుసార్లు బ్రిటిష్ ఓపెన్ గెలిచిన హ్యారీ వార్డన్ పేరున చలామణి అయిన పద్ధతా, లేక జాక్ నిక్లాస్, టైగర్ వుడ్స్‌లాగా వేళ్లు పెనవేయడమా, లేక పది వేళ్లూ పక్కపక్కన ఉంచడమా అన్నది చేతి పరిమాణాన్ని బట్టి ఎవరికి వారు తేల్చుకోవచ్చు. దాని మీద వాదోపవాదాలు వృథా. బిగువు మాత్రం ముఖ్యం. గాలి లేని వానలో గొడుగు పట్టుకున్నంత బిగువు చాలు. మన ఉక్కపోతలో చేతులు చెమర్చి క్లబ్ జారుతుంది, జారుతోందని గట్టిగా బిగిస్తాం, బిగిస్తే మణికట్లు కర్రల్లా అయిపోతాయి. అందుకని నెలకోసారి పిడి రబ్బర్లను సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టడం, జేబులో తువ్వాలు ఉంచుకోవడం మా ప్రాంతంలో స్వింగు సాధనలో భాగమే. పట్టు మార్చిన మొదటి రెండు వారాలూ వేరేవాళ్ల చెప్పులు వేసుకున్నట్టు ఉంటుంది, బంతులన్నీ ఎడమకు పోతాయి. ఆ రెండు వారాలు ఓర్చుకోలేక పాత పట్టుకు తిరిగి పోయినవాళ్లు మా నలుగురిలోనే ఇద్దరున్నారు.

గురి గురించి మీ వ్యాసంలో ఒక్క వాక్యమూ లేదు. బంతికీ లక్ష్యానికీ మధ్య ఒక గీత ఊహించుకుంటే, మన పాదాలూ తుంట్లూ భుజాలూ ఆ గీతకు సమాంతరంగా, రైలు పట్టాల్లో రెండో పట్టాలాగా ఉండాలి తప్ప లక్ష్యాన్ని చూడకూడదు. నాకు ఉద్యోగంలో ప్రతిరోజూ చేసిన పనే ఇక్కడ పనికొచ్చింది. దూరంగా ఉన్న బిందువుకు లైను తియ్యాలంటే మధ్యలో ఒక రేంజింగ్ రాడ్ పాతుకుంటాం. అలాగే బంతి వెనక నిలబడి లక్ష్యాన్ని చూసి, ఆ గీత మీద బంతికి గజం దూరంలో ఉన్న ఎండుటాకునో గడ్డిపోచనో గుర్తుపెట్టుకుని, క్లబ్ ముఖాన్ని దానికి ఎదురుగా పెట్టి, ఆ తరవాతే పాదాలు సర్దుకోవాలి. జాక్ నిక్లాస్ ఆడినన్నాళ్లూ చేసింది ఇదే. సాధనలో నేల మీద పెట్టుకోవడానికి రంగురంగుల కర్రలు అమ్ముతారు గానీ, మన తీరంలో సరుగుడు తోటలు ఉండగా వాటికి డబ్బు పెట్టడం దండగ. వేలి లావున్న రెండు సరుగుడు కర్రలు చివ్వుకుని ఎండబెట్టుకుంటే ఏళ్లు వస్తాయి.

ఇక ఇసుక సంగతి. వరద తీశాక లంకల్లో మేట వేసే సన్నని ఇసుకను రెండు గంపలు తెచ్చి పెరట్లో పరిచి, నీళ్లు చిలకరించి, చెక్కతో చదును చేసి, వేలితో అడ్డంగా ఒక గీత గీస్తాను. ఆ గీత రెండు పాదాల మధ్యకు వచ్చేట్టు నిలబడి, బంతి లేకుండా, ఏడో నంబరు ఐరన్‌తో, అంటే మధ్యరకం దూరాలకు వాడే లోహపు తల క్లబ్‌తో, స్వింగు చేస్తాను. క్లబ్ ఇసుకను తాకిన మచ్చ గీత మీద గానీ గీతకు అవతల, లక్ష్యం వైపున గానీ మొదలవ్వాలి. మంచి ఆటగాళ్ల విషయంలో స్వింగు అడుగుకు చేరే చోటు బంతికి సుమారు నాలుగంగుళాలు ముందు ఉంటుంది; అంటే క్లబ్ ఇంకా దిగుతుండగానే బంతిని కొట్టి, ఆ తరవాత నేలను తీస్తుంది. మొదటి రోజు నేను పదిసార్లు తిప్పితే ఏడు మచ్చలు గీతకు ఇవతలే పడ్డాయి, వాటిలో ఒకటి జానెడు వెనక ఉంది. రెండుసార్లు క్లబ్ ఇసుకను తాకనే లేదు. ఒక్కటంటే ఒక్కటి సరైన చోట పడింది. నిజానికి అంతకు ముందు రోజు విశాఖలో ప్లాస్టిక్ చాప మీద కొట్టి, పదిలో ఆరు బాగా తగిలాయని సంబరపడి వచ్చాను. చాప మీద క్లబ్ బంతి వెనక తగిలినా జారుకుంటూ ముందుకు పోయి బంతిని లేపేస్తుంది కాబట్టి తప్పు కనిపించదు. అదే దెబ్బ వానాకాలంలో మా ఒండ్రునేల మీద కొడితే క్లబ్ బురదలో దిగబడి ఆగిపోతుంది, బంతి పది గజాలు పోతుంది, మణికట్టు వారం రోజులు నొప్పి పెడుతుంది.

మీ వ్యాసంలోని రెండో సలహా, అంటే బంతిని లేపుతున్నట్టు కొట్టాలన్నది, ఎందుకు తప్పో ఆ ఇసుకే చూపించింది. ఏడో నంబరు ఐరన్ ముఖం సుమారు 30 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది. బంతిని పైకి పంపేది ఆ వాలే. మనమూ లేపబోతే బరువు కుడికాలి మీద ఉండిపోయి, స్వింగు అడుగు బంతికి వెనక్కి జరిగి, క్లబ్ ముందు నేలనన్నా కొడుతుంది, లేదా పైకి లేస్తూ బంతి నెత్తినన్నా తగులుతుంది. గడ్డినంటుకుని దొర్లిపోయే బంతి చూసి తల ఎత్తావని పక్కవాడు అంటాడు గానీ, చాలాసార్లు కారణం తల కాదు, కుడికాలు. టీ (బంతిని నిలిపే చిన్న మేకు) మీద పెట్టి, అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్ అయిన డ్రైవర్‌తో కొట్టేటప్పుడు మాత్రం బంతి ఎడమ మడమకు ఎదురుగా ఉంటుంది, క్లబ్ కాస్త పైకి లేస్తుండగా తగలడం మంచిది. మీ వ్యాసకర్త ఆ మాటను అన్ని క్లబ్బులకూ చెప్పేశారేమోనని నా అనుమానం. బంకర్ అనే ఇసుక గుంతలోంచి కొట్టేది పూర్తిగా వేరే దెబ్బ, అక్కడ కావాలనే బంతి వెనక ఇసుకను కొడతాం. ఇసుక గీత ముందు నిలబడి బరువులో సగానికి పైగా ఎడమ పాదం మీద మొదటే ఉంచుకోవడం, బంతి దగ్గరికి వచ్చేటప్పుడు చేతులు క్లబ్ తలకంటే ముందు ఉండేలా చూసుకోవడం అన్న రెండు మార్పులతో, రోజుకు ముప్ఫై స్వింగుల చొప్పున రెండున్నర నెలలు చేస్తే, పదిలో ఏడు మచ్చలు గీతకు అవతలికి చేరాయి. ఆ రెండున్నర నెలల్లో బంతి కొట్టింది బహు తక్కువ.

బరువు మారడం, ఒళ్లు తిరగడం, చేతులు ఆఖరున రావడం ఏమిటో నాకు గోల్ఫ్ నేర్పినవాళ్ల కంటే మా రేవులో విసురు వల వేసే ఒక పెద్దాయన దగ్గరే బాగా అర్థమైంది. ఆయన వల అంచు నుంచి ఒక గుండును పళ్ల మధ్య పట్టుకుని, సగం వలను ఎడమ మోచేతి మీద వేసుకుని, మిగతా సగాన్ని కుడి చేతిలో వదులుగా పట్టుకుని, బురదలో పాదాలు ఆనించి, నీళ్లకు వీపు దాదాపుగా చూపేంత వరకు ఒళ్లు వెనక్కి తిప్పుతాడు. తిరిగి వచ్చేటప్పుడు మొదట కదిలేది ముందరి కాలి మడమ, తరవాత నడుము, ఆ తరవాత భుజం. చేతులు అన్నిటికన్నా వెనక వచ్చి, అప్పుడు వదులుతాయి. వల గాలిలో గుండ్రంగా విచ్చుకుని నీటి మీద పళ్లెంలా పడుతుంది. నేను ఒకసారి అడిగి విసిరితే ముద్దగా పడింది. బాబూ, చేత్తో వేశావు, నడుంతో వెయ్యాలి అన్నాడాయన. మామూలు గోల్ఫర్లలో ఎక్కువమంది పైనుంచి కిందికి వచ్చేటప్పుడు భుజాన్నీ చేతుల్నీ ముందు విసురుతాం, దాంతో క్లబ్ బయటి నుంచి లోపలికి అడ్డంగా వస్తుంది, మళ్లీ స్లైస్ దగ్గరికే చేరతాం. ఎడమ మడమను నేలకు నొక్కడంతో కిందికి రావడం మొదలుపెడితే మిగతావి చాలావరకు వాటి వరసలో అవే వస్తాయి.

తల విషయానికొస్తే, అటూ ఇటూ ఊగకూడదన్నంత వరకు నిజమే. కానీ మేకు కొట్టినట్టు ఉంచాలని, బంతి వెళ్లాక కూడా నేలనే చూస్తుండాలని చెబితే మెడ బిగిసి, ఛాతీ తిరగడం ఆగిపోయి, ఆ బలమంతా నడుం మీద పడుతుంది. స్వీడన్‌కు చెందిన అనికా సోరెన్‌స్టామ్ క్లబ్ బంతిని తాకేలోపే తల లక్ష్యం వైపు తిప్పేసేవారు. ఆమె మేజర్లనే అతిపెద్ద పోటీల టైటిళ్లు పది గెలిచారు, 2001లో ఒక రౌండును 59 దెబ్బల్లో ఆడారు. అందరూ అలా చెయ్యాలని కాదు గానీ, అరవై దాటిన నడుములకు తల కదపవద్దన్న ఆజ్ఞ ఇవ్వడం ప్రమాదకరం. మాలాంటివాళ్లు వెనక్కి తిరిగేటప్పుడు ఎడమ మడమ కాస్త లేచినా, కుడి పాదం వేళ్లు కొంచెం బయటికి తిరిగి ఉన్నా నష్టం లేదు. ఫొటోలోని పాతికేళ్ల కుర్రవాడి నడుం మనకు లేదు.

బలమంతా పెట్టాలన్న మూడో సలహాకు బదులుగా లయ గురించి రెండు మాటలు. మేటి ఆటగాళ్ల స్వింగుల్ని కెమెరా ఫ్రేములతో లెక్కిస్తే వెనక్కి తీసుకెళ్లడానికి పట్టే సమయం కిందికి వచ్చి బంతిని తాకడానికి పట్టే సమయానికి సుమారు మూడింతలు ఉంటుందని తేలింది. ముప్పావు సెకను, పావు సెకను అనుకోండి. మనం వెనక్కి మరీ నెమ్మదిగా తీసుకెళ్లి, పైన తొందరపడి, కిందికి గుంజుతాం. మనసులో ఒకటీ రెండూ మూడూ అనుకుంటూ వెనక్కి పోయి, నాలుగు అనేసరికి బంతి తగిలేలా చూసుకుంటే చాలు. నెమ్మదిగా తిప్పమని చెప్పడం కూడా సరైన మందు కాదు. బలం విషయంలో మన దేశం నుంచే ఒక సాక్ష్యం ఉంది. కరోనా వల్ల 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో అదితీ అశోక్ కాంస్యానికి ఒక్క దెబ్బ దూరంలో నాలుగో స్థానంలో నిలిచారు. దూరం కొట్టడంలో ఆ పోటీలో ముందున్నవాళ్లలో ఆమె లేరు.

బంతి క్లబ్ ముఖం మీద ఎక్కడ తగులుతోందో తెలుసుకోవడం దూరానికి దగ్గరి దారి. నడిమధ్యన తగలని బంతి ఎంత బలంగా కొట్టినా గజాలు పోగొట్టుకుంటుంది. ముఖం మీద సుద్దపొడి రాసి కొడితే బంతి తగిలిన చోట గుండ్రని మచ్చ పడుతుంది. సుద్ద అయిపోయిన ఒకరోజు నేను దేవుడి గూట్లోంచి విభూతి తీసి రాశాను. అద్భుతంగా పనిచేసింది. మా ఇంట్లో ఆ తరవాత జరిగిన సంభాషణ పత్రికలో అచ్చువేయదగినది కాదు. పాతిక బంతుల్లో పద్దెనిమిదింటి మచ్చలు మడమ వైపు, అంటే కర్ర అతుక్కుని ఉండే వైపు, పడటంతో నేను స్వింగు మధ్యలో మునివేళ్ల మీదికి ఒరిగి బంతికి దగ్గరవుతున్నానని తెలిసింది. పాదాల కింద బరువు మడమకూ మునివేళ్లకూ మధ్యన నిలుపుకోవడం మొదలుపెట్టాక మచ్చలు నడుమకు వచ్చాయి, కొత్తగా ఏ బలమూ పెట్టకుండానే.

ఆ విభూతి ముందే రాసుకుని ఉంటే ఒక నగరంలోని దుకాణంలో 38 వేలు పోసి డ్రైవర్ కొనేవాణ్ని కాదు. ఇరవై గజాలు పెరుగుతాయని చెప్పి, తొమ్మిది డిగ్రీల వాలు, గట్టి కర్ర ఉన్న క్లబ్ అంటగట్టారు. వాలు తక్కువైన కొద్దీ బంతి పక్కకు వంగడం ఎక్కువవుతుంది. నా వేగానికి పదకొండో పన్నెండో డిగ్రీలు కావాలి. నా స్లైస్‌కు పెట్టుబడి పెట్టినట్టయింది. నియమాల ప్రకారం సంచిలో 14 క్లబ్బులు ఉండవచ్చు గానీ, నేర్చుకునేవాళ్లకు ఏడు చాలు, అవీ పాతవైనా నష్టం లేదు.

సాధన చేసే పద్ధతి గురించి మీ వ్యాసం రోజుకు రెండు వందల బంతులు అన్నది. ఒకే క్లబ్‌తో ఒకే దిక్కుకు రెండు వందలు కొడితే యాభయ్యో బంతికి బాగా వచ్చినట్టు అనిపిస్తుంది, మైదానంలో మొదటి టీ మీద, అంటే ఆట మొదలుపెట్టే చోటే, అది మాయమవుతుంది. ఎందుకంటే మైదానంలో ఒకే దెబ్బ రెండుసార్లు వరసగా రాదు. నేను నలభైకి మించి కొట్టను. మొదటి పదిహేనూ సగం స్వింగు, అంటే గడియారంలో ముల్లు తొమ్మిది నుంచి మూడు వరకు తిరిగినంత. ఆ తరవాత ప్రతి బంతికీ క్లబ్, లక్ష్యం మార్చి, వెనక్కి వెళ్లి మళ్లీ గురి చూసుకుని కొడతాను. ఒక నెలలో ఒకే మార్పు మీద పనిచేస్తాను. ఉద్యోగంలో ఎం-బుక్కు (పనుల కొలతల పుస్తకం) రాసిన అలవాటు పోలేదు కాబట్టి తేదీ, గీతకు అవతల పడిన మచ్చలు పదికి ఎన్ని, విభూతి మచ్చలు నడుమన ఎన్ని అన్న మూడు అంకెలు నోటుబుక్కులో రాస్తాను. బాగా ఆడాననుకున్న రోజుల్లో చాలావాటికి అంకెలు వేరేగా ఉన్నాయి. సెల్‌ఫోన్‌తో వీడియో తీసుకునేవాళ్లు ఫోన్‌ను చేతుల ఎత్తులో, ఒకసారి ఛాతీకి ఎదురుగా, ఒకసారి లక్ష్యం గీత వెంబడి వెనక నుంచి, పెట్టుకోవాలి. పక్కకు ఒరిగిన కోణంలోంచి తీస్తే లేని తప్పు ఉన్నట్టూ, ఉన్నది లేనట్టూ కనిపిస్తుంది. యూట్యూబ్‌లో పదిమంది చెప్పే పది మాటల్లో ఒక్కొక్కటీ నిజమే అయినా, ఒకరి తప్పుకు చెప్పిన మందు ఇంకొకరికి విషం.

ఇంకొక ముఖ్యమైన సంగతి. ఊళ్లలో బడి మైదానాల్లో పిల్లలు సాధన చెయ్యవచ్చని వ్యాసం చివర రాశారు. ఈ బంతి 46 గ్రాములకు లోపే ఉంటుంది, అడ్డుకొలత నాలుగు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. కానీ అది రాయిలాంటి గట్టిది, మామూలువాడు డ్రైవర్‌తో కొట్టినా గంటకు 150 కిలోమీటర్లు దాటి బయలుదేరుతుంది. నేను చేలో కొట్టిన ఒక బంతి గట్టు దాటి పక్కవాళ్ల రొయ్యల చెరువులో ఏరియేటర్ రెక్కల పక్కన పడింది. అక్కడ మేత చల్లుతున్న కుర్రవాడు ఆ రోజు నన్ను అన్న మాటలకు నేను పూర్తిగా అర్హుణ్ని. పిల్లలకైతే చిల్లులున్న ప్లాస్టిక్ బంతులే ఇవ్వాలి, పెద్దలైనా ఊరి మధ్యన వలలోకే కొట్టాలి. వలను బిర్రుగా కాకుండా వదులుగా, రెండు పొరలుగా వేలాడదీస్తే బంతి అక్కడే జారి పడుతుంది. బిర్రుగా కడితే తిరిగి మన మీదికే వస్తుంది. ఈ ఒక్క విషయంలోనైనా వచ్చే ఆదివారం సవరణ వెయ్యవలసిందిగా కోరుతున్నాను.

దీని మీద మరో వ్యాసం వేసే ఉద్దేశం ఉంటే, స్వింగు పైకొన ఫొటోకు బదులు బంతి తగిలే క్షణంలో చేతులూ క్లబ్బూ ఎలా ఉంటాయో ఒక బొమ్మ, పట్టుకు సంబంధించి రెండు బొమ్మలు వేయించండి. ఏప్రిల్ నెలాఖరుకు మా చేలో దాళ్వా కోతలైపోతాయి, కాలువలు కట్టేస్తారు, జూన్‌లో నీళ్లు వదిలేదాకా ఆ నేల ఖాళీగానే ఉంటుంది. మీ క్రీడా విలేకరి గారు తెల్లవారుజామున వస్తే ఇసుక గీత ముందు నిలబెట్టి, ఎండ ముదరకముందే పంపిస్తాం. క్లబ్బులు మా దగ్గర ఉన్నాయి. ఆయనది ఎడమచేతి వాటమైతే మాత్రం రెండు రోజులు ముందుగా కబురు చెయ్యాలి. ఆ క్లబ్బులు భీమవరంలో ఒక డాక్టరు గారిని అడిగి తెప్పించాలి.

భవదీయుడు,
ఒక విశ్రాంత నీటిపారుదల ఇంజనీరు,
అమలాపురం దగ్గరి పల్లె నుంచి